ముందు, వెనక, పక్కన... స్పానిష్‌లో

చిన్నూ, అమ్ములూ,

స్పానిష్ క్లాసులో ముందు, వెనక, కింద, మీద వచ్చే పాఠం మొదలైందటగా. లిస్టంతా బట్టీపట్టే పనిలో ఉన్నారని మీ అమ్మ చెప్పింది. అంత టెన్షన్ అక్కర్లేదు. సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లి కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నిలబడండి. రోడ్డు అవతల దానికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంటుంది కదా, స్పానిష్‌లో అదే మాట: "ఎల్ అవియోన్ ఎస్తా ఎన్‌ఫ్రెంతె దెల్ సుబ్మరీనో." అవియోన్ విమానం, ఎస్తా అంటే ఉంది, ఎన్‌ఫ్రెంతె ఎదురుగా. పలికేటప్పుడు మన త, ద లే పలకండి. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ చేయకండి.

మనం వస్తువు పేరు చెప్పి, ఆ తర్వాత 'ఎదురుగా' అంటాం. వాళ్లకు 'ఎదురుగా' ముందొస్తుంది, వస్తువు తర్వాత. రెంటికీ నడుమ 'దె' అనే చిన్న ముక్క ఉంటుంది. చాలామంది మింగేసేది దాన్నే. మనం 'ఇల్లు వెనక' అనం, 'ఇంటి వెనక' అంటాం. ఇల్లు కాస్తా ఇంటిగా మారి చేసే పనిని అక్కడ 'దె' చేస్తుంది: దెత్రాస్ దె లా కాసా. దె పక్కన 'ఎల్' (ఇంగ్లిష్ 'the' లాంటిది, 'లా' కూడా అంతే) వస్తే రెండూ కలిసి 'దెల్' అయిపోతాయి. మన సంధి లాంటిదే.

దెలాంతె దె (ముందు), అల్ లాదో దె (పక్కన), దెబాహో దె (కింద), సెర్కా దె (దగ్గర), లేహోస్ దె (దూరంగా), అన్నీ ఇదే దారి. ఎంత్రె (మధ్య) మాత్రం దె అడగదు. 'ఎన్' కూడా అడగదు. పైగా అది లో, మీద రెండింటి పనీ చేస్తుంది: ఎన్ లా కాసా అంటే ఇంట్లో, ఎన్ లా మెసా అంటే బల్ల మీద.

'ఉంది' దగ్గర ఒక గందరగోళం ఉంది. దానికి స్పానిష్‌లో రెండు క్రియలు: ఎస్తార్ (ఎస్తా దాని రూపమే), సెర్ (దాని రూపం ఎస్). మారిపోయేవాటికి ఎస్తార్, మారనివాటికి సెర్ అని నేర్పుతుంటారు. చోటు విషయంలో ఆ లెక్క పనిచేయదు. 1969లో నేవీలో చేరి 2001 దాకా నీళ్లలో తిరిగిన కురుసుర ఇప్పుడు ఇసుక మీదికి చేరింది. కైలాసగిరి కొండ ఎన్నడూ కదిలింది లేదు. ఎక్కడున్నాయని చెప్పాలంటే రెండింటికీ ఎస్తానే. ఏదైనా వేడుక ఫలానా చోట జరుగుతుందని చెప్పేటప్పుడే సెర్ వస్తుంది: "లా ఫియెస్తా ఎస్ ఎన్ లా ప్లాయా", పార్టీ బీచ్‌లో.

దారి అడిగేటప్పుడు చెవులు రిక్కించి వినండి. 'అ లా దెరేచా' అంటే కుడివైపు, 'దెరేచో' అంటే తిన్నగా. చివరి అచ్చు సరిగ్గా వినకపోతే కుడికి తిరగాల్సినవాళ్లు నేరుగా వెళ్లిపోతారు. మీరు చెప్పేటప్పుడు తిన్నగాకి 'రెక్తో' అనేయండి, గొడవుండదు. ఎడమ 'ఇస్కియెర్దా'. నోరు తిరగడానికి కాస్త టైం పడుతుంది.

మీ జవాబులో జగదంబ సెంటర్ నుంచి మీ ఇంటికి దారి స్పానిష్‌లో రాయండి. తెలుగు లిపిలో రాసినా సరే, 'దె' లు మాత్రం లెక్కపెడతాను.

మీ తాతయ్య
విశాఖపట్నం