జనతా వాచీకి మళ్లీ ఈ గిరాకీ ఎందుకు?

పాత హెచ్‌ఎంటీ జనతా కోసం ఆన్‌లైన్‌లో వెతికితే తళతళలాడే వాచీలు కుప్పలుగా కనిపిస్తాయి. ఎర్ర డయలు, పచ్చ డయలు, నారింజ డయలు. యాభై ఏళ్ల నాటి వాచీ అంత కొత్తగా ఉందంటే ముందు అనుమానించాలి. వాటిలో చాలావాటికి లోపలి మిషను పాతదే, డయలుకు మాత్రం మొన్నీమధ్య రంగు వేశారు. పాత ఫ్యాక్టరీ మూతపడింది, అడిగేవాళ్లేమో పెరిగారు. అందుకే ఈ రంగుల వ్యాపారం. ఇంత మోజున్న వాచీ తయారుచేసిన సంస్థ ఎందుకు మూతపడిందన్నది వేరే కథ, అది మొదటినుంచి చెప్పుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దగ్గర చేతివాచీ అంటే స్విట్జర్లాండ్ సరుకే. ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్ లాంటి పేర్లు ఉన్నవాళ్ల చేతుల మీద కనిపించేవి. దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాక దొంగసరుకు జోరందుకుంది. బంగారంతో పాటు స్మగ్లర్లు ఇష్టంగా తెచ్చిన వస్తువు వాచీయే. జేబులో పట్టేది, ఇట్టే అమ్ముడయ్యేది మరి.

బెంగళూరులో యంత్రాలు తయారుచేసే యంత్రాల కోసం 1953లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అదే హెచ్‌ఎంటీ. అది జపాన్‌లోని సిటిజన్ కంపెనీతో ఒప్పందం చేసుకుని వాచీల్లోకి దిగింది. 1961లో మొదటి విడత వాచీలను నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్, కాంచన్... చూపులేని వాళ్లు వేలితో తడిమి చూసుకునే బ్రెయిలీ వాచీ కూడా చేశారు. బెంగళూరు చాలక శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా వాచీ ఫ్యాక్టరీలు వెలిశాయి.

జనతా వెనక మూత తీస్తే పెద్ద మాయలేమీ ఉండవు. పొద్దున్నే కీ ఇస్తే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకునే బలంతో బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. గంటకు 18,000 ఊపులు, అంటే సెకనుకు ఐదు. అందుకే సెకన్ల ముల్లు గెంతకుండా పాకినట్టు పోతుంది. ఇరుసులు అరిగిపోకుండా 17 చోట్ల కృత్రిమ కెంపులు పొదిగారు. '17 జువెల్స్' అంటే అదే, నగల లెక్క కాదు. రిపేరు చేసే ఆయన కంటికి భూతద్దం బిగించి, పట్టకారుతో భాగాలన్నీ విప్పి, పెట్రోల్లో కడిగి, ఓ చుక్క నూనె వేస్తే మళ్లీ కొన్నేళ్లు నడుస్తుంది.

మన పెళ్లిళ్లలోకి కూడా వాచీ అలాగే వచ్చింది. సైకిలు, రేడియో, వాచీ అనేవి ఒక తరం అల్లుళ్ల లాంఛనాలు. అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకు కోరికల్లో వాచీ తప్పకుండా ఉండేది. కాంచన్ కావాలంటే మామగారికి తిప్పలే. డబ్బున్నా దొరకదు, ఎక్కువిచ్చి కొనాల్సి వచ్చేది. కొనేవాళ్లు క్యూ కట్టే సంస్థకు కొనేవాళ్ల మనసు తెలుసుకునే అవసరం రాదు. నా లెక్కన హెచ్‌ఎంటీ జబ్బు అక్కడే మొదలైంది.

1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. ధర నాలుగున్నర లక్షల యెన్లు, దాదాపు చిన్న కారు ధర. సెల్లు ఇచ్చే కరెంటుకు క్వార్ట్జ్ స్ఫటికం ఒకే లయలో కంపిస్తుంది. తర్వాత స్థిరపడిన లెక్క సెకనుకు 32,768 కంపనాలు. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే ఒకటి మిగులుతుంది, ఆ ఒకటే సెకన్ల ముల్లు వేసే గెంతు. కీ వాచీ రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా సర్దుకుపోయే రోజుల్లో ఆస్ట్రాన్ నెలకు ఐదు సెకన్ల తేడాతో నడిచింది. విచిత్రం ఏమిటంటే స్విస్ వాళ్ల దగ్గర 1967లోనే క్వార్ట్జ్ చేతివాచీ నమూనా ఉంది. అయినా 1970లో సుమారు 90 వేల మంది పనిచేసిన ఆ పరిశ్రమలో 1980ల చివరికి మూడో వంతే మిగిలారు.

హెచ్‌ఎంటీదీ అదే వరస. 1980ల మొదట్లోనే క్వార్ట్జ్ వాచీ చేసింది, కానీ ఫ్యాక్టరీలు, పనివాళ్ల నైపుణ్యం, పెట్టుబడి అంతా కీ వాచీల చుట్టూ అల్లుకుని ఉన్నాయి. అదే కాలంలో హైదరాబాద్ ఆల్విన్ సీకోతో చేయి కలిపి వాచీల్లోకి వచ్చింది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసే మన ఆల్విన్‌యే. కూకట్‌పల్లి ఆల్విన్ కాలనీకి, మియాపూర్ ఆల్విన్ చౌరస్తాకు పేరు ఆ కంపెనీదే. ఆ పేర్లు రోజూ పలికేవాళ్లలో ఆల్విన్ ట్రెండీ వాచీ గుర్తున్నవాళ్లు ఎందరో! అది కూడా నిలవలేదు.

టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో హోసూరు కేంద్రంగా టైటాన్ మొదలుపెట్టారు. సారథి జెర్క్సెస్ దేశాయ్. టైటాన్ క్వార్ట్జ్‌నే నమ్ముకుంది, వాచీని టైమ్ చూసుకునే పనిముట్టులా కాక అలంకారంగా, కానుకగా అమ్మింది. అద్దాల షోరూమూ, టీవీలో మొజార్ట్ సంగీతమూ వచ్చాక, గాజు బీరువాలోంచి గుమాస్తా తీసిచ్చే వాచీ వెలవెలబోయింది.

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రో చేతికి వెళ్లింది. పాత జనతాకు కొత్త భాగాలు దొరకడం ఇప్పుడు కష్టం. అందుకే పాత బస్తీల్లో వాచీలు బాగుచేసేవాళ్లు ఆగిపోయిన జనతాలను పారేయరు. ఒక డబ్బాలో పోసి ఉంచుకుంటారు, ఒకదాని బ్యాలెన్స్ చక్రం ఇంకోదానికి, దాని ముల్లు మరోదానికి.