శ్రీ ఒకచోట శ్రీలా, ఇంకోచోట శ్‌రీలా: వెబ్ పేజీ గొడవ ఎక్కడ మొదలైంది

అది 2008. తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జికి వెబ్‌సైట్ చేసిచ్చిన రెండో రోజే ఓనర్ ఫోన్ చేశారు. "ఏమబ్బా, మావాడి ల్యాప్‌టాప్‌లో బాగుండాది, రిసెప్షన్ కంప్యూటర్‌లో మాత్రం రేట్లన్నీ ముడుచుకుపోయినాయి, పేరులో శ్రీ కూడా విరిగిపోయుండాది, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్లి చూస్తే రెండూ నిజమే. రేట్ల డబ్బా ఇరుకైపోయి అంకెలు కింది లైన్‌కి దిగాయి, పైన లాడ్జి పేరులో శ్రీ కాస్తా 'శ్‌రీ' అయింది. ఆయన గోడ మీది శ్రీవారి క్యాలెండర్ చూపించి అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇది మా ఇంట్లో ఇట్లే ఉంటాది, మద్రాసులో మా అక్క ఇంట్లోనూ ఇట్లే ఉంటాది. మరి నువ్వు చేసింది మెషిన్‌కో రకంగా ఎందుకుండాది?"

న్యాయమైన ప్రశ్న. ఆ రోజు ఏదో సర్దిచెప్పాను గానీ, అసలు జవాబు చాలా వెనక్కి వెళ్తే తప్ప దొరకదు.

క్యాలెండర్‌ని అచ్చేసి పంపుతారు. వెబ్ పేజీని అచ్చేసి పంపడం అనేది లేదు. వెళ్లేది మాటలు, వాటితో పాటు ఇది హెడ్డింగ్, ఇది పేరా, ఇది లింకు అని చెప్పే గుర్తులు, అంతే. బొమ్మ గీసుకునేది చూసేవాళ్ల మెషిన్‌లోని బ్రౌజర్. 1989లో యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ ప్రతిపాదన రాసేనాటికి అక్కడ ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇదే, రకరకాల కంప్యూటర్లు, ఒకదాంట్లో దాచిన సమాచారం ఇంకోదాంట్లో చూడాలంటే తిప్పలు. అందుకే ఎలా కనిపించాలన్నది పక్కన పెట్టి, ఎక్కడైనా చదవగలిగితే చాలు అన్నట్టు ఆ గుర్తుల భాష హెచ్‌టీఎంఎల్ పుట్టింది. ఆ నిర్ణయం సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను, అది లేకపోతే వెబ్ ఇన్ని మెషిన్లకు పాకేది కాదు.

కానీ 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చి అక్షరాల మధ్యలో బొమ్మలు చూపించేసరికి జనానికి ఆశ పెరిగింది. పత్రికలో పేజీలా కాలమ్స్ కావాలి, రంగులు కావాలి. 1994 చివర్లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, రెండూ పోటీపడి ఎవరికి తోచిన గుర్తులు వాళ్లు కలుపుకుంటూ పోయారు. నెట్‌స్కేప్ వాళ్లది మిణుకుమిణుకుమనే బ్లింక్ అయితే, ఎక్స్‌ప్లోరర్ వాళ్లది పక్కకు జరిగే మార్క్వీ. సుస్వాగతం అని మార్క్వీలో రాస్తే ఎక్స్‌ప్లోరర్‌లో జరిగేది, అప్పటి నెట్‌స్కేప్‌లో కదలకుండా నిలబడేది. పేజీ అడుగున "ఈ సైట్‌ను ఫలానా బ్రౌజర్‌లో, 800 బై 600లో చూడండి" అని రాసుకున్న రోజులవి. చదివేవాళ్లను మీ మెషిన్ మార్చుకోండి అనడమే కదా అది.

దీనికి విరుగుడు కూడా సెర్న్ నుంచే వచ్చింది. రూపం గురించిన సూచనలన్నీ విడిగా ఒకచోట రాసుకుందామని 1994 అక్టోబర్‌లో హాకన్ వియుమ్ లీ ప్రతిపాదించారు, బెర్ట్ బోస్ చేయి కలిపారు, 1996 డిసెంబర్‌లో వెబ్ రూల్స్ ఖాయం చేసే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని సీఎస్ఎస్ పేరుతో ఖాయం చేసింది. కాగితం మీద రూల్ ఒకటే. అమలు దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరూ ఒక్కోలా చదువుకున్నారు.

లాడ్జి రేట్ల డబ్బానే తీసుకోండి. వెడల్పు 300 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు), లోపల రెండు వైపులా 20 చొప్పున ఖాళీ, 5 చొప్పున గీత అని రాశాననుకోండి. రూల్ ప్రకారం ఆ 300 లోపలి అక్షరాలకు, ఖాళీ, గీత పైన కలిపితే మొత్తం డబ్బా 350. ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం 300లోనే అన్నీ తీసేసుకుని అక్షరాలకు 250 మిగిల్చేది. నిజం చెప్పాలంటే ఎక్స్‌ప్లోరర్ లెక్కే మామూలు మనిషి లెక్క, మేస్త్రీ గది పన్నెండు అడుగులంటే గోడ కలిపా, గోడ కాకుండానా అన్న తేడా లాంటిది (తర్వాత సీఎస్ఎస్‌లోనే కావాలంటే ఆ లెక్క వాడుకోమని వీలు ఇచ్చారు, ఇప్పుడు దాదాపు అందరం అదే వాడుతున్నాం). తప్పు ఏ లెక్క మంచిదన్న దగ్గర లేదు, రెండు లెక్కలు ఉండటంలో ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 దీన్ని సర్దింది గానీ ఒక షరతు పెట్టింది: పేజీ మొదటి లైన్‌లో డాక్‌టైప్ (పేజీ ఏ రూల్ ప్రకారం రాశామో చెప్పే లైన్) సరిగ్గా ఉంటేనే కొత్త లెక్క, లేకపోతే పాత సైట్లు చెడిపోకుండా పాత లెక్క. నా పేజీలో డాక్‌టైప్ ఉంది. దాని పైన ఇంకో లైన్ ఉంది, ఎక్స్‌ఎంఎల్ ప్రకటన. ఎక్స్‌ప్లోరర్ 6కి డాక్‌టైప్ మొట్టమొదట కనిపించలేదు కాబట్టి పాత లెక్కలోకి వెళ్లిపోయింది, అంకెలు కిందికి దిగాయి. ఆ ఒక్క లైన్ తీసేస్తే సరిపోయింది, కనుక్కోవడానికి మాత్రం రాత్రంతా పట్టింది.

ఎక్స్‌ప్లోరర్ 6 తర్వాత 7 రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి పోటీలో నెట్‌స్కేప్ ఓడిపోయింది, తొందరపెట్టేవాళ్లు లేరు. ఐదేళ్ల పాటు ప్రపంచంలో వెబ్‌సైట్ చేసే ప్రతివాడూ ఆ బ్రౌజర్ తప్పుల్ని కంఠస్థం చేసి బతికాడు. 1998లోనే కొందరు డిజైనర్లు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అని పెట్టి కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారు, 2005లో యాసిడ్2 అని ఒక పరీక్ష పేజీ పెట్టారు, బ్రౌజర్ రూల్స్ సరిగ్గా పాటిస్తే తెర మీద నవ్వు ముఖం కనిపిస్తుంది, లేకపోతే చెదిరిపోతుంది. మామూలు జనానికి కూడా ఎవరిది తప్పో కంటికి తెలిసేలా చేసిన ఆ పని నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో క్రోమ్ వచ్చాక పోటీ మళ్లీ మొదలైంది.

ఇక శ్రీ సంగతి. ఇది ఇంగ్లీషు సైట్లు చేసేవాళ్లకు తెలియని కష్టం. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది, కానీ అందులో ఉండేది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని విడివిడి ముక్కలు. వాటిని కలిపి శ్రీగా మలచాల్సింది మెషిన్. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉండేది, అయితే ఇంగ్లీషు ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఇలాంటి లిపుల కోసం ఒక టిక్కు పెట్టాలి, అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. రిసెప్షన్ కంప్యూటర్‌కి ఆ సీడీ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అంతకు ముందైతే పత్రికలు తమ సొంత ఫాంట్లు పేజీతో పాటు పంపేవి, అక్కడ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు, ఫాంట్ దిగకపోతే తెర నిండా పిచ్చి గుర్తులే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ రావడంతో మాలాంటివాళ్లకు ఊపిరి ఆడింది.

పేజీతో పాటు ఫాంట్ పంపే పద్ధతి మీద కూడా పాత బ్రౌజర్లు ఎవరి ఫార్మాట్ వాళ్లదే అన్నాయి, అందరూ ఒప్పుకున్న వోఫ్ ఫార్మాట్ 2012 డిసెంబర్‌లో గానీ ఖాయం కాలేదు. ఆ తర్వాత గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరికాయి. మన కాళహస్తి కవి పేరున్న ఫాంట్‌ని మొదటిసారి ఒక పేజీకి పెట్టి, రెండు మెషిన్లలో ఒకేలా చూసిన రోజు నాకు పండగే.

అయినా తెలుగు అక్షరం మెషిన్‌ని ఇబ్బంది పెట్టడం ఆగలేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తుతో మెసేజ్‌లో వస్తే, చూపించబోయిన ఐఫోన్ యాప్ మూసుకుపోయేది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కాళహస్తి అమ్మవారి పేరు, జ్ఞానప్రసూనాంబ, మొదలయ్యేదే ఆ అక్షరంతో.

2007లో ఐఫోన్ వచ్చాక ఒకేలా అన్న మాటకే అర్థం మారింది. చిన్న తెర మీద కంప్యూటర్ పేజీని కుదించి చూపిస్తే ఎవరు చదువుతారు? 2010లో ఈథన్ మార్కోట్ రెస్పాన్సివ్ డిజైన్ అని పేరు పెట్టి, తెరను బట్టి పేజీ తనే సర్దుకోవాలన్నారు. 1989 నాటి ఆలోచనే ఇంకో దారిలో తిరిగొచ్చింది.

ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. 2022 జూన్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేశారు, అదే ఏడాది నుంచి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి ఇంటరాప్ పేరుతో ఏటా తేడాలు తగ్గిస్తున్నాయి. కానీ ఎడ్జ్, ఒపెరా లోపల నడిచేది కూడా క్రోమ్ ఇంజినే, ఆ కారణంగా చాలామంది క్రోమ్‌లో చూసి ఆపేస్తున్నారు. ఇది నాకు నచ్చదు. కొండకు వచ్చే కుటుంబంలో ఒకరి చేతిలో ఐఫోన్ ఉంటుంది, ఇంకొకరి చేతిలో ఐదేళ్ల నాటి ఆండ్రాయిడ్.

నేను చేసే ప్రతి తెలుగు పేజీలో మొదట ఒక లైన్ పెడతాను: శ్రీ జ్ఞానప్రసూనాంబ, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి. లైన్‌కీ లైన్‌కీ మధ్య చోటు చాలకపోతే రాష్ట్రం కింది వత్తు కోసుకుపోతుంది, ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తు మనకు సరిపోదు. ఆ లైన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లన్నింట్లో, ఫైర్‌ఫాక్స్‌లో, పక్కింటివాళ్ల ఐఫోన్‌లో, చివరికి ఆ లాడ్జి రిసెప్షన్‌లో కూడా తెరిచి చూసి, అప్పుడు తీసేస్తాను.