విగ్రహం కింద భూమి: జనరల్ బోథా, 1902 మేలోని 25 రోజులు

కేప్‌టౌన్‌లో పార్లమెంటు గేటు ఎదుట గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం ఒకటుంది. 1931లో నిలబెట్టారు. దిమ్మె మీద పేరుతో పాటు మూడు మాటలు చెక్కారు: రైతు, యోధుడు, రాజనీతిజ్ఞుడు. ఆ మనిషి లూయి బోథా. బోయర్ల (దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్ల రైతులు) సేనాధిపతి, 1910లో ఏర్పడిన దక్షిణాఫ్రికా యూనియన్‌కు తొలి ప్రధాని. 2015 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తీసేసిన రోజుల్లోనే దీని మీదా రంగు పోశారు.

ఇప్పుడు తగాదా విగ్రహాన్ని దాటి పొలాల్లోకి దిగింది. 2025 జనవరిలో అధ్యక్షుడు రమఫోసా భూసేకరణ చట్టం మీద సంతకం చేశారు. కొన్ని పరిస్థితుల్లో పరిహారం లేకుండానే భూమి తీసుకునే వీలు అందులో ఉంది. ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ దేశానికి సాయం ఆపేస్తూ, బోయర్ల వారసులైన ఆఫ్రికానర్లకు శరణార్థులుగా చోటిస్తామని ఉత్తర్వు ఇచ్చారు. మేలో 59 మంది మొదటి బృందంగా వాషింగ్టన్ చేరారు. దాంతో ఎవరి భూమి ఎవరిది, ఎప్పటి నుంచి అన్న ప్రశ్న మళ్లీ లేచింది. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ బోథా పేరూ వస్తుంది. ఆయనను సమర్థించేవాళ్లు కొలెన్సో యుద్ధం దగ్గర కథ మొదలుపెడతారు. వ్యతిరేకించేవాళ్లు 1913 భూచట్టం దగ్గర మొదలుపెడతారు. అసలు ముడి ఈ రెండింటి నడుమ, 1902 మే 6కూ మే 31కీ మధ్య పడింది.

ముందు కొలెన్సో సంగతి, బోథా ఎలాంటి సేనాని అన్నది తేలడానికి. 1899 డిసెంబరు 15. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రెండు బోయర్ రిపబ్లిక్‌లకూ బ్రిటన్‌కూ యుద్ధం నడుస్తోంది. నటాల్‌లోని తుగేలా నదికి దక్షిణాన బుల్లర్ నాయకత్వంలో దాదాపు 20 వేల మంది బ్రిటిష్ సైనికులు. ఉత్తరాన బోథా దగ్గర సుమారు 4,500 మంది. అప్పటి పద్ధతి ప్రకారం కొండ మీద మాటు వేయాలి. బోథా కందకాలను కిందకి, నది ఒడ్డుకే దించాడు. తవ్విన మట్టి కనబడకుండా సర్దించి, పైన గడ్డి, రాళ్లు పరిపించాడు. మౌజర్ తుపాకుల మందుకు పొగ రాదు కాబట్టి కాల్చినవాడు ఎక్కడున్నాడో తెలియదు. రెండు రోజుల పాటు బ్రిటిష్ ఫిరంగులు వెనకాల ఉన్న ఖాళీ కొండలను పగలగొట్టాయి. బోయర్ల వైపు నుంచి ఒక్క గుండు పేలలేదు. పెద్ద ఫిరంగితో తాను సంకేతం ఇచ్చేదాకా ఎవరూ కాల్చకూడదన్నది బోథా ఆజ్ఞ.

నదికి దక్షిణాన, శత్రువు వైపు ఉన్న లాంగ్వానే కొండ ఒక్కటే చిక్కు. అది చేజారితే పక్క నుంచి మొత్తం వరస దెబ్బతింటుంది. అక్కడికి వెళ్లడానికి బర్గర్లు, అంటే బోయర్ పౌరసైనికులు, ఒప్పుకోలేదు. బోయర్ సైన్యంలో అధికారులను ఎన్నుకునేది సైనికులే, కాబట్టి ఆజ్ఞాపిస్తే సరిపోదు. బోథా ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్‌కు తంతి కొట్టాడు. కొండను వదలొద్దని జవాబు వచ్చింది. యుద్ధమండలి కూర్చుని చీటీలు వేసి 800 మందిని పంపింది. మరునాడు కర్నల్ లాంగ్ పదాతిదళం కంటే ముందుకు వెళ్లి 12 ఫిరంగులను ఆరుబయట నిలిపాడు. వాటిలో 10 బోయర్ల పాలయ్యాయి. హార్ట్ బ్రిగేడ్ నది వంపులోకి చొరబడి మూడు వైపుల నుంచీ దెబ్బ తిన్నది. బ్రిటిష్ వైపు చనిపోయిన, గాయపడ్డ, పట్టుబడ్డవాళ్లు కలిపి దాదాపు 1,100 మంది. బోయర్లలో చనిపోయింది పదిలోపే.

ఆ రోజు అవతలి ఒడ్డున గాయపడ్డవారిని మోసినవారిలో గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం ఉంది. దాదాపు 1,100 మంది, ఎక్కువమంది ఒప్పంద కూలీలే. నెల తర్వాత స్పియాన్ కాప్ యుద్ధంలోనూ వాళ్లే మోశారు. నటాల్ తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వివరం మనకు దూరపుది కాదు. బోయర్ల వైపూ తుపాకీ లేని మనుషులు వేలల్లో ఉన్నారు. గుర్రాలు చూసేవాళ్లు, వండిపెట్టేవాళ్లు, తూటాలు మోసేవాళ్లు, అందరూ నల్లజాతి సేవకులే. బోయర్లు వాళ్లను ఆఖ్టర్‌రైయర్లు అనేవారు. గెలుపు లెక్కల్లో వాళ్ల పేర్లు లేవు.

1900 మార్చిలో అప్పటి సేనాధిపతి జూబర్ చనిపోయాక బోథా ట్రాన్స్‌వాల్ సైన్యానికి అధిపతి అయ్యాడు. ఆ ఆగస్టులో బర్గెన్‌డాల్ దగ్గర చివరి ముఖాముఖి యుద్ధం ఓడిపోయాక మిగిలింది గెరిల్లా పోరాటం. బ్రిటిష్ సేనాధిపతి కిచనర్ పొలాలు తగలబెట్టించాడు, బ్లాక్‌హౌస్‌లు (చిన్న కాపలా కోటలు) కట్టించి ముళ్లకంచె వేయించాడు, ఆడవాళ్లనూ పిల్లలనూ శిబిరాల్లో పెట్టాడు. ఆ శిబిరాల్లో దాదాపు 28 వేల మంది బోయర్లు చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. నల్లవాళ్లకు వేరే శిబిరాలు ఉండేవి. అక్కడ లెక్కకెక్కిన చావులే 14 వేలకు పైన. పట్టుబడ్డ బోయర్ సైనికులను ఓడలెక్కించి సెయింట్ హెలీనాకూ, సిలోన్‌కూ, ఇండియాకూ పంపారు. బళ్లారిలో, తిరుచిరాపల్లిలో వాళ్లకు శిబిరాలు వేశారు.

ఇక ముడి పడ్డ చోటుకు. బోథా సొంత ప్రాంతం ఫ్రైహెయిడ్, ఇప్పటి క్వాజులు నటాల్ ఉత్తర భాగం. ఆయన రైతు అయింది అక్కడే. ఎలా అయ్యాడో ఆ దిమ్మె చెప్పదు. 1879లో బ్రిటిషర్లు జులు రాజ్యాన్ని ఓడించి 13 ముక్కలు చేశారు. అంతర్యుద్ధం రేగింది. 1884లో సెట్ష్వాయో రాజు చనిపోగా కొడుకు దినుజులు, ఇంకా పదిహేను పదహారేళ్ల కుర్రవాడు, శత్రువు జిబేబును ఎదుర్కోవడానికి బోయర్ల సాయం అడిగాడు. లూకస్ మేయర్ వెంట వెళ్లినవారిలో 21 ఏళ్ల బోథా ఉన్నాడు. జూన్ 5న త్షానేని కొండ దగ్గర నూరు మంది పైచిలుకు బోయర్లు గుర్రాల మీద నుంచి కాలుస్తుండగా దినుజులు మనుషులు గెలిచారు. కూలి కింద బోయర్లు అడిగింది భూమి. ఆగస్టుకల్లా న్యూ రిపబ్లిక్ అని ఒక దేశమే ప్రకటించారు, ఫ్రైహెయిడ్ రాజధాని. దాదాపు 800 మంది వాటా అడిగారు. ఆ పంపకంలోనే బోథాకు వాటర్‌వాల్ పొలం వచ్చింది.

ఆ భూమి మీద అప్పటికే మనుషులున్నారు. హ్లోబానే కొండ చుట్టుపక్కల కులూసి తెగ జులు రాజు చాకా కాలం నుంచి కాపురముంది. రాజుకు నేరుగా చెందిన తెగ అది. కొలతగొలుసు పడిన రోజుతో వాళ్లు తమ ఇళ్లలోనే అద్దెదారులయ్యారు. అద్దె డబ్బు కాదు, చాకిరీ. ఇల్లు ఉండాలంటే ఇంటి మగపిల్లలు ఏడాదిలో కొన్ని నెలలు దొర పొలంలో జీతం లేకుండా పనిచేయాలి.

1901, 1902ల్లో బోథా కమాండోలు (బోయర్ల గుర్రపు దళాలు) తిరిగి అక్కడికే వచ్చాయి. తిండికి పశువులు కావాలి, ధాన్యం కావాలి. బ్రిటిష్ అధికారులు అదే సమయంలో బోయర్ల పశువులను తోలుకురమ్మని జులులను పురమాయించారు. కులూసిలు బ్రిటిషర్లకు సాయపడుతున్నారన్న కారణంతో వాళ్ల ఊళ్లు తగలబెట్టమని, పశువులు లాక్కోమని బోథా ఆదేశాలిచ్చాడు. ఇళ్లు పోయినవాళ్లు ఫ్రైహెయిడ్ పట్నంలో బ్రిటిష్ దండు నీడన తలదాచుకున్నారు. కిచనర్ బోయర్లకు ఏం చేశాడో బోథా కులూసిలకు అదే చేశాడు. బోయర్ల శిబిరాల గురించి ఎంతైనా రాస్తారు, దీన్ని మాత్రం ఒక వాక్యంతో దాటేస్తారు.

ఫీల్డ్ కార్నెట్ (బోయర్ల స్థానిక దళాధికారి) పాట్‌గీటర్ కులూసి పెద్ద సిఖోబోబోకు కబురు పంపాడు. పేనుతో పోల్చి తిట్టి, చేతనైతే వచ్చి పశువులు తోలుకుపొమ్మన్నాడు. మే 5 రాత్రి సిఖోబోబో దాదాపు 300 మందితో కదిలాడు. తెల్లవారేసరికి హోల్‌క్రాన్స్ దగ్గర విడిది చేసిన బోయర్ల మీద పడ్డారు. 56 మంది బోయర్లు చనిపోయారు, పాట్‌గీటర్ కూడా. కులూసిలూ ఇంచుమించు అంతమందిని పోగొట్టుకుని, పశువులను తోలుకుని వెళ్లారు.

బోయర్ల కథనంలో ఇది నిద్రపోతున్నవాళ్ల ఊచకోత, బ్రిటిషర్లు ఎగదోసిన పని. కులూసిల కథనంలో ఇది తగలబడ్డ ఇళ్లకు, పోయిన మందకు, పెద్దకు జరిగిన అవమానానికి జవాబు. ముందు ఇళ్లు కాలాయి, తర్వాత దాడి జరిగింది. మే 6తో మొదలుపెట్టి చెప్పినప్పుడల్లా ఈ వరస మాయమవుతుంది.

తొమ్మిది రోజుల తర్వాత, మే 15న, రెండు రిపబ్లిక్‌ల నుంచి ముప్పై మంది చొప్పున 60 మంది ప్రతినిధులు ఫెరీనిగింగ్‌లో గుడారాల కింద సమావేశమయ్యారు. ఫ్రీ స్టేట్ సేనాని డి వెట్ పోరాడదామన్నాడు. బోథా లెక్కలు చెప్పాడు. ట్రాన్స్‌వాల్‌లో మిగిలింది పదివేల పైచిలుకు మంది, వాళ్లలో పదికి ముగ్గురికి గుర్రం లేదు. శిబిరాలకు పోకుండా పొలాల్లోనే తిరుగుతున్న కుటుంబాలకు తిండి లేదు. కొన్ని జిల్లాల్లో ఇక ఒక్క నెల కూడా నిలవలేం. ఈ లెక్కలన్నీ నిజమే. ఓటమిని ఒప్పుకునే ధైర్యం ఆయనకు ఉందన్నదీ నిజమే. అయితే మే 31న 54-6 ఓట్లతో నెగ్గిన తీర్మానం, ఎందుకు లొంగుతున్నామో చెబుతూ ఆరు కారణాలు ఇచ్చింది. మొదటిది పొలాల నాశనం, రెండోది శిబిరాల్లో చావులు. మూడోది, సాయుధులైన ఆఫ్రికన్ తెగలు. ఉదాహరణగా ఫ్రైహెయిడ్ జిల్లాలో చనిపోయిన 56 మందిని పేర్కొంది. ఆ ఊళ్లు తగలబెట్టిన సంగతి తీర్మానంలో లేదు.

అదే రాత్రి ప్రిటోరియాలో మెల్రోస్ హౌస్‌లో సంతకాలు పడ్డాయి. ఒప్పందంలో ఎనిమిదో నిబంధన ఒక్క వాక్యం: స్వయంపాలన వచ్చాకే ఆఫ్రికన్ల ఓటు హక్కు గురించి నిర్ణయం. దీని వెనక ఏడాది బేరం ఉంది. 1901 మార్చిలో మిడిల్‌బర్గ్ చర్చల తర్వాత కిచనర్ బోథాకు పంపిన షరతుల్లో, ప్రాతినిధ్య ప్రభుత్వం వచ్చేలోపు ఆఫ్రికన్లకు ఓటు ఇవ్వబోమనీ, తర్వాత ఇచ్చినా తెల్లవారి ఆధిక్యానికి భంగం రానంతగా కుదిస్తామనీ ఉంది. అందులో 'ఇస్తే' అన్న మాటైనా మిగిలింది. బోథా ఆ షరతులను తిరస్కరించాడు. 1902 నాటి పాఠంలో ఆ మాటా పోయింది. స్వయంపాలన అంటే తెల్లవాళ్లు ఎన్నుకునే సభ. ఆఫ్రికన్లకు ఓటివ్వాలో వద్దో ఆ సభే తేలుస్తుంది. తుపాకులు అప్పజెప్పినవాళ్లు ఆ నిబంధనతో సభను గెలుచుకున్నారు.

తర్వాతి మెట్లు త్వరత్వరగా పడ్డాయి. 1907లో ట్రాన్స్‌వాల్‌కు స్వయంపాలన వచ్చింది, బోథా అక్కడ ప్రధాని అయ్యాడు. ఆ మార్చిలోనే కొత్త సభ ఆసియావాసుల నమోదు చట్టాన్ని ఆమోదించింది. వేలిముద్రలు అడిగిన ఆ చట్టం మీదే గాంధీ సత్యాగ్రహం సాగింది. 1910 మే 31న, ఒప్పందం కుదిరి సరిగ్గా ఎనిమిదేళ్లకు, యూనియన్ పుట్టింది. పార్లమెంటులో కూర్చోగలిగేది తెల్లవాళ్లే. 1913 జూన్ 19న భూచట్టం అమల్లోకి వచ్చింది. దేశజనాభాలో మూడింట రెండు వంతుల మందికి సుమారు 7 శాతం భూమి గీత గీసి, బయట కొనడం, కౌలుకు తీసుకోవడం నిషేధించింది. ఉల్లంఘిస్తే 100 పౌండ్ల జరిమానా లేదా ఆరు నెలల జైలు. ఫ్రీ స్టేట్‌లో సొంత ఎద్దులతో దున్ని పంటలో సగం పంచుకునే ఆఫ్రికన్ రైతులు దీంతో రోడ్డున పడ్డారు. పశువులను అమ్ముకోవాలి, లేదా దొరకు పాలేరుగా చేరాలి. ఫ్రైహెయిడ్‌లో 1884 నుంచి నడుస్తున్న పద్ధతి దేశమంతటికీ చట్టమైంది. ఆ శీతాకాలం దాటగానే నటాల్‌లో మూడు పౌండ్ల తలపన్ను మీద మన కూలీల సమ్మె లేచింది. 1914లో ఆ పన్ను రద్దయింది. భూచట్టం మాత్రం నిలిచింది.

బోథా పక్షం చెప్పేదీ చెప్పాలి. ఆయన బ్రిటిషర్లతో పగ పెట్టుకోలేదు, 1914లో సొంత బోయర్ల తిరుగుబాటును అణిచాడు, వెర్సాయి సంధిలో ఓడిన జర్మనీ మీద దయ చూపమన్నాడు. యూనియన్ పుట్టిన రోజునే, నటాల్‌లో 1906లో జులులు లేవదీసిన బంబాతా తిరుగుబాటు కేసులో జైల్లో ఉన్న దినుజులును విడిపించి, ట్రాన్స్‌వాల్‌లో ఒక పొలంలో ఉంచాడు. పాత స్నేహం అంటారు. విడిపించాడు, కానీ జులు దేశానికి తిరిగి పోనివ్వలేదు. భూమిచ్చి రాజ్యం నిలబెట్టుకుందామనుకున్న ఆ రాజు 1913 అక్టోబరులో ఆ పరాయి పొలంలోనే కన్నుమూశాడు.

ఇక ఇప్పటి తగాదాకు ఇది ఎక్కడ తగులుతుంది? 1996 రాజ్యాంగం 25వ అధికరణం, పోగొట్టుకున్న భూమి తిరిగి అడిగే హక్కు ఇచ్చింది. గడువు రేఖ మాత్రం 1913 జూన్ 19. ఆ తేదీ తర్వాత జాతివివక్ష చట్టాల వల్ల పోయిన భూమికే దావా చెల్లుతుంది. కులూసిల భూమి 1884లో పోయింది, గీతకు 29 ఏళ్ల ముందు. ఫ్రైహెయిడ్ చుట్టుపక్కల కుటుంబాలకు మిగిలిన దారి, అదే 1996లో వచ్చిన చాకిరీ కౌలుదారుల చట్టం. తాతల నుంచీ దొర పొలంలో పనిచేస్తూ అక్కడే కాపురమున్నామని నిరూపిస్తే ఆ ముక్క అడగవచ్చు. దరఖాస్తుకు 2001 మార్చి 31 ఆఖరు. వేల దరఖాస్తులు ప్రభుత్వ కార్యాలయాల్లో ఎంతకీ కదలకపోతే, వాటిని తేల్చే పని మీద ప్రత్యేక అధికారిని నియమించాలన్న ఆదేశాన్ని 2019 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఖాయం చేయాల్సివచ్చింది.