‘లుక్’ గురించి అపోహలు, వాస్తవాలు

నేను ఇంగ్లిష్ పాఠాలు చెబుతాను. ‘లుక్’ చిన్న మాటే కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. తప్పులు మాత్రం అక్కడే దొర్లుతుంటాయి. చాలావాటికి కారణం తెలివి తక్కువై కాదు, తెలుగు వాక్యం మనసులో అంత బలంగా నాటుకుపోవడం.

అపోహ: లుక్, సీ, వాచ్ మూడూ ఒకటే.

వాస్తవం: దానంతటదే కంటపడితే ‘సీ’. కావాలని చూపు అటు తిప్పితే ‘లుక్’. జరుగుతున్నదాన్ని కాసేపు గమనిస్తూ ఉంటే ‘వాచ్’. ‘ఐ లుక్డ్, బట్ ఐ సా నథింగ్’ అంటే, చూశాను గానీ ఏమీ కనబడలేదని.

అపోహ: ‘లుక్ మీ’ అంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు, ‘లుక్ ఎట్ మీ’ అనాలి. ‘నన్ను’లో విభక్తి కలిసే ఉంటుంది కాబట్టి మనకు ‘ఎట్’ గుర్తుకు రాదు. ఆ స్థానంలో ‘ఫర్’ వస్తే వెతకడం, ‘ఆఫ్టర్’ వస్తే బాగోగులు చూసుకోవడం.

అపోహ: ‘అందంగా కనిపిస్తోంది’ అంటే ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’.

దీని దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో ‘గా’ ఉంది కదా అని ఇంగ్లిష్‌లో ‘లీ’ తగిలిస్తాం. కానీ ఇక్కడ వర్ణిస్తున్నది ఆమెను, ఆమె చూసే తీరును కాదు. ‘లుక్స్’ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి: ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’. కుదిరింది కాబట్టి ‘షీ లుక్స్ బ్యూటిఫుల్’ అనే అనాలి. మరి ‘లీ’ ఎప్పుడూ రాదా? వస్తుంది. ‘హీ లుక్డ్ యాంగ్రీ’ అంటే కోపంగా కనిపించాడు. ‘హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’ అంటే నావైపు కోపంగా చూశాడు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసుకుని పైకి చదివితే తేడా బాగా పట్టుబడుతుంది.

‘యూ ఆర్ లుకింగ్ వెల్’ తప్పని కొందరు పిల్లల్ని దిద్దుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ‘యూ లుక్ వెల్’ ఎంత సరైనదో అదీ అంతే.

‘స్టేర్’, ‘గేజ్’ కూడా ఒకటి కావు. రెండూ చూపు మరల్చకుండా చూడటమే. ఆకాశాన్నో ప్రియమైనవారినో మైమరచి చూస్తే ‘గేజ్’. గుడ్లప్పగించి చూస్తే ‘స్టేర్’. ఎదుటివారికి అది తరచూ ఇబ్బందే.

ఇక ఉత్తరాల చివర రాసే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ రాయకూడదు, ‘మీటింగ్’ రాయాలి. అక్కడి ‘టు’ కూడా ‘ఎట్’ లాంటిదే, దాని వెనుక నామవాచకమో ‘ఇంగ్’ రూపమో రావాలి.