ఇల్లు అలకగానే అమ్ముడుపోదు: అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య ఒక యజమాని నన్ను పిలిచేసరికే ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైంది. గోడలన్నిటికీ కొత్త రంగు, హాల్లో కొత్త లైట్లు, కిటికీలకు కొత్త కర్టెన్లు. వచ్చినవాళ్లందరూ "బాగుందండీ" అంటున్నారు, వెళ్లిపోతున్నారు, మళ్లీ ఫోన్ చెయ్యడం లేదు. నేను వెళ్లి రెండో గదిలో అడుగు పెట్టానో లేదో, కారణం ముక్కుకు తగిలింది. పక్కనే నిలబడ్డ ఆయనకు మాత్రం ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి కింద చెబుతాను.

ఇళ్లను అమ్మకానికి సిద్ధం చేయడం నా పని. హోమ్ స్టేజింగ్ అంటారు. 1970ల్లో అమెరికాలో ఇళ్లు అమ్మే బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. ఆవిడకు నాటకాల అనుభవం ఉండటంతో స్టేజ్ అన్న మాట దీనికి అతుక్కుపోయింది. ఆ పేరు వల్లే కాబోలు, ఇదంతా అలంకరణ అనుకుంటారు చాలామంది. నేను పూలకుండీ ముట్టుకునేది ఆఖరి రోజున, అదీ టైముంటే. కొనడానికి వచ్చేవాళ్లు నెత్తిన అనుమానాల మూట పెట్టుకుని వస్తారు. ఊగిపోయే గడియ ఒకటి కనబడిందంటే, గోడల్లో దాగున్న పైపులు, వైర్ల సంగతీ దాన్నిబట్టే లెక్క కట్టేస్తారు. ఆ మూట బరువు పెరగకుండా చూడటమే నా ఉద్యోగం. రోజూ వినే అపోహలన్నీ ఈ ఒక్క విషయం మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: రంగు వేయిస్తే ఇల్లు కొత్తదైపోతుంది

రంగు మంచి ఖర్చే, కాదనను. ఎక్కడ వేస్తున్నాం, ఎప్పుడు వేస్తున్నాం అన్నదగ్గరే వస్తుంది చిక్కు.

గోడ అడుగున తెల్లటి పొడి తేలి, పెయింటు పొక్కులు లేచిన చోట్లు మీరూ చూసే ఉంటారు. గోడలో చేరిన నీరు ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను కరిగించుకుని బయటి ముఖానికి వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. దాని మీదే పుట్టీ పెట్టి రంగు కొట్టారనుకోండి, నీరు రావడమూ ఆగదు, ఉప్పు పేరుకోవడమూ ఆగదు. ఆ ఉప్పు స్ఫటికాలే కొత్త రంగును వెనకనుంచి నెట్టుకొస్తాయి. సరిగ్గా కొనేవాళ్లు రెండోసారి చూడటానికి వచ్చే వేళకు పొక్కులు మళ్లీ లేస్తాయి. మొదటిసారి లేని మచ్చ రెండోసారి కనబడితే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా వాళ్ల చెవికెక్కదు.

అందుకే ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. పైపు కారుతోందా, పైకప్పు నీళ్లు గోడ మీదుగా దిగుతున్నాయా, బయట మట్టి లోపలి నేల కన్నా ఎత్తుగా పేరుకుందా? తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దదైన అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసేసి రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ వెనక, గోడవైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. గదివైపు తడి ఉంటే గదిలో గాలి ఆడటం లేదు. మొదటిదానికి ప్లంబరో మేస్త్రీయో కావాలి, రెండోదానికి తెరిచిన కిటికీ చాలు.

నీటిని ఆపాక గోడ ఆరాలి. అంగుళం మందానికి ఒక నెల అని మా పనిలో ఒక మోటు లెక్క. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. తడిగుడ్డ పెట్టి తుడిస్తే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అంత వ్యవధి లేదంటారా, గోడను ఆ మచ్చతోనే ఉంచి, పైపు బాగు చేయించిన బిల్లు చేతిలో పెట్టండి. ఆరుతున్న గోడను చూసి వెనక్కి తగ్గినవాళ్లు తక్కువే. పూత కింద దాచిన గోడను గుర్తుపట్టి మాట్లాడకుండా చెప్పులేసుకున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

అతుకు రంగు గురించి ఒక్క మాట. కంపెనీ అదే, షేడు నంబరు అదే అయినా, గోడ మీదున్న పాత రంగు ఈపాటికి వెలిసి ఉంటుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే పూస్తే మచ్చకు ఫ్రేము కట్టినట్టుంటుంది. మూల నుంచి మూల దాకా ఆ గోడంతా వేయాల్సిందే.

అపోహ: లోపం కనబడకుండా చేయడమే పనితనం

మసిపూసి మారేడుకాయ చేసే పని నేను ఒప్పుకోను. నీతి అలా ఉంచండి, అసలది పారదు. పగిలిన టైలు మీద పరిచిన చాపను కాలితో జరిపి చూస్తారు. ఎందుకో మరీ గోడకు హత్తుకుని ఉన్న బీరువా వెనక్కి ఫోన్ లైటు వేసి చూస్తారు. ప్లాస్టరింగ్‌లో వెంట్రుకవాసి పగుళ్లు ఏ ఇంట్లోనైనా ఉంటాయి, వాటిని పూడ్చి రంగేయడంలో తప్పేమీ లేదు. తలుపు మూల నుంచో కిటికీ మూల నుంచో ఏటవాలుగా సాగి, రోజురోజుకూ వెడల్పవుతున్న పగులు వేరే రకం. ఆ పక్కనే తలుపు కూడా బిగుసుకుంటోందంటే పుట్టీ డబ్బా మూతపెట్టి ఇంజనీరును పిలవండి. ఆయన రాసిచ్చిన కాగితం టేబుల్ మీద ఉంటే బేరం దాని చుట్టూ తిరుగుతుంది. లేకపోతే కొనేవాళ్ల ఊహ చుట్టూ తిరుగుతుంది, ఆ ఊహ ఎప్పుడూ ఖరీదైనదే.

అపోహ: సామానంతా తీసేస్తే గది పెద్దగా కనిపిస్తుంది

ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఖాళీ గదిలో కంటికి కొలత దొరకదు. మంచం పడుతుందా, పట్టాక నడవడానికి చోటుంటుందా అన్నది ఊహించుకోలేక, ఎందుకైనా మంచిదని చిన్నదనే అనుకుంటారు. పైగా చూడటానికి వేరే ఏమీ లేదు కాబట్టి చూపంతా గోడ మీద మేకుల చిల్లులకు, పాతబడ్డ స్విచ్చులకు పోతుంది.

అలాగని ఉన్నదంతా ఉంచమని కాదు. పడకగదిలో ఒక మంచం, పక్కన ఒక చిన్న బల్ల. హాల్లో కూర్చుని మాట్లాడుకునే నాలుగు కుర్చీలు, వాటిని గోడలకు ఆనించకుండా జానెడు ముందుకు జరిపి వేయండి. తలుపు తీయగానే కిటికీ దాకా చూపు అడ్డు లేకుండా పోవాలి. కర్టెన్ రాడ్డును కిటికీ చట్రం మీదే కాకుండా కాస్త పైన, రెండు వైపులా కాస్త ఎడంగా బిగిస్తే, తెర పక్కకు లాగినప్పుడు అద్దమంతా తెరుచుకుంటుంది. వెలుగు పెరుగుతుంది, కిటికీయే పెద్దదనిపిస్తుంది. ఒకటికి రెండు రకాలుగా వాడే గది ఉంటే, దానికి ఒకే పని పెట్టండి. ఇస్త్రీ బల్ల, వ్యాయామ సైకిలు, పాత కంప్యూటరు కలిసి ఉన్న గదిని ఎవరూ గదిగా లెక్కపెట్టరు.

అపోహ: ఇల్లు ఘుమఘుమలాడాలి

నాలుగు నెలల ఇంటి కథ ఇదే. ఆయన ప్రతి గదిలోనూ రూమ్ ఫ్రెషనర్ పెట్టారు. ఆ పూల వాసన కింద సన్నగా మురుగు వాసన వస్తోంది. రెండూ కలిస్తే ఒట్టి మురుగు కన్నా ఘోరం. కొనేవాళ్లకు వాసన కన్నా, దాన్ని కప్పిపెడుతున్నారన్నదే ముందు తడుతుంది.

ఆ ఇంట్లో ఎవరూ వాడని బాత్‌రూమ్ ఒకటుంది. నేల మీద జాలీ కింద, సింకు కింద, పైపు ఒక వంపు తిరిగి ఉంటుంది. ట్రాప్ అంటారు. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, మురుగు గొట్టంలోని గాలి ఇంట్లోకి రాకుండా మూతలా పనిచేస్తాయి. వారాల తరబడి ఎవరూ నీళ్లు పోయకపోతే అవి ఆవిరైపోతాయి, మూత తెరుచుకుంటుంది. ఒక చెంబెడు నీళ్లు పోశాను. పైన రెండు చెంచాల వంటనూనె వేశాను, నీరు త్వరగా ఆవిరవ్వకుండా. కిటికీలు తీసి కూర్చున్నాం. అరగంటలో వాసన పోయింది. ఆయన మొహం చూడాల్సింది.

మరి ఆయనకు ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు? అదే పనిగా వచ్చే వాసనను ముక్కు కొద్ది నిమిషాల్లోనే పట్టించుకోవడం మానేస్తుంది. మనిల్లు మనకు వాసన రాదు. పెంపుడు కుక్క వాసన, మాగిన నూనె వాసన, మూసి ఉంచిన బట్టల వాసన, ఏవీ తెలియవు. రెండు రోజులు ఊరెళ్లి తిరిగొచ్చి, తలుపు తీసిన మొదటి నిమిషంలో పీల్చి చూసుకోండి. లేదా మొహమాటం లేని స్నేహితులను పిలవండి.

అపోహ: ఏ మందుతోనైనా రుద్దితే మరకలు పోతాయి

కుళాయిల మీద పేరుకున్న తెల్లటి పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. వెనిగర్ తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే కరిగిపోతుంది. అదే వెనిగర్ పాలరాయి మీద పడితే రాయి నిగారింపూ పోతుంది, ఎందుకంటే పాలరాయీ కాల్షియం కార్బొనేటే. ఇక తొందరలో బ్లీచింగునూ యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరునూ కలిపి వాడేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. వాష్‌బేసిన్ అంచున నల్లబడిన సిలికాన్‌ను రుద్దకండి. బ్లేడుతో కోసి తీసేసి కొత్తది వేయించి, ఒక రోజు తడి తగలకుండా వదిలేయండి.

అపోహ: ఎంత పెట్టి చేయిస్తే అంత ధర పలుకుతుంది

కాకిపిల్ల కాకికి ముద్దు. దీని మీద 1990లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ మరో సహచరుడితో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్లో సగం మందికి మగ్గులు ఇచ్చి, అమ్మమంటే ఎంత అడుగుతారో చూశారు. మగ్గు లేనివాళ్లు ఇవ్వజూపిన దానికి వాళ్లు రెట్టింపుకు పైగా అడిగారు. కాసేపటి క్రితం చేతికొచ్చిన మగ్గుకే అలా ఉంటే, పిల్లలు పెరిగిన ఇంటికి ఎంతుండాలి!

అమ్మే ముందు వంటగదిని మొత్తం పడగొట్టి మీ అభిరుచికి కట్టించుకోవడం వద్దని నేను దాదాపు ప్రతిసారీ చెబుతాను. వచ్చేవాళ్లు వాళ్ల అభిరుచికి మళ్లీ పడగొట్టుకుంటారు. అరలకు కొత్త పిడులు, సరిగ్గా మూసుకునే కీళ్లు, కారని కుళాయి, పనిచేసే ఎగ్జాస్టు చాలు. కాస్త డబ్బు మిగిలితే వీధి తలుపుకు పెట్టండి. మీరు తాళం తీయడానికి తంటాలు పడుతున్నంతసేపూ వాళ్లకు వేరే పనుండదు, ఆ తలుపునే చూస్తుంటారు.

అపోహ: ఫొటోలో గది ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిది

ఫోన్‌లో 0.5 అని ఉండే కెమెరాతో తీస్తే బాత్‌రూమ్ కూడా ఫంక్షన్ హాల్లా వస్తుంది. అంచుల్లో ఉన్న సోఫా సాగి పడవలా తయారవుతుంది. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు గుమ్మంలోనే డీలా పడిపోతారు. ఆ క్షణం నుంచి ఇంకేం తక్కువ చేశారా అని వెతుకుతూ తిరుగుతారు. మామూలు కెమెరాతో, ఛాతీ ఎత్తులో, గోడల నిలువు గీతలు నిటారుగా ఉండేట్టు పట్టుకుని గది మూల నుంచి తీయండి.

దీనికన్నా ఎక్కువ ఫొటోలు పాడుచేసేవి బల్బులు. ఒక గదిలోనే ఒకటి పసుపు, ఇంకొకటి తెలుపు. కంటికి అది సర్దుకుపోతుంది, కెమెరాకు సర్దుకోదు. ఒక గోడ పచ్చకామెర్లొచ్చినట్టు, ఇంకోటి నీలం విషం ఎక్కినట్టు పడుతుంది. బల్బు డబ్బా మీద కెల్విన్ సంఖ్య ఉంటుంది. 2700 నుంచి 3000 దాకా వెచ్చటి పసుపు వెలుగు, 6500 దగ్గర చల్లటి తెలుపు. గదంతా ఒకటే నంబరు ఉండాలి. తీసేముందు టాయిలెట్ మూతలు వేయండి, పిల్లల స్కూలు ఫొటోలు, బ్యాంకు కాగితాలు, మందుల సీసాలు లోపల పెట్టండి. ఆ ఫొటోలు ఎవరెవరు చూస్తారో మన చేతిలో ఉండదు.

అపోహ: అల్మారాలు ఎవరు తెరిచి చూస్తారులే

అందరూ తెరుస్తారు. మూడో వంతు ఖాళీగా ఉంచండి.

అపోహ: పక్కనుండి వివరిస్తేనే ఇంటి విలువ తెలుస్తుంది

యజమాని పక్కనే ఉంటే కొనేవాళ్లు అతిథులైపోతారు. అతిథులు సింకు కింద తలుపు తీయరు, కుళాయి తిప్పి చూడరు, ఇద్దరిలో ఒకరికి హాలు నచ్చకపోయినా పైకి అనరు. అన్నీ కడుపులో పెట్టుకుని వెళ్లిపోతారు. చెప్పాల్సినవి, అంటే పైకప్పు ఎప్పుడు బాగు చేయించారు, నీళ్ల మోటారు ఎన్నాళ్లయింది, ఏ గదిలో ఏ వేళకు ఎండ పడుతుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టి మీరు అలా తిరిగి రండి.

నాలుగు నెలల ఇంటి యజమానిని ఈ ఒక్క విషయంలో ఒప్పించడానికి, ట్రాపులో నీళ్లు పోయడానికి పట్టినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. ఆ వారాంతం ఇంటికి దూరంగా కారులో కూర్చున్నాం ఇద్దరమూ. చూడటానికి వచ్చిన దంపతులు నలభై నిమిషాలకు బయటికొచ్చారు. మమ్మల్ని గమనించలేదు. మంచం కిటికీ వైపు వేయాలని ఆవిడ, కాదు ఎదురు గోడకే వేయాలని ఆయన, గేటు దగ్గర నిలబడి గట్టిగా వాదించుకుంటున్నారు.