పొట్టలో రక్తనాళం ఉబ్బు: గైడ్‌లైన్స్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

నేను రక్తనాళాల సర్జన్‌ని. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద ధమని (అయోర్టా) మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 3 దాటితే అన్యూరిజం, అంటే ఉబ్బు, అంటాం. స్కాన్ రిపోర్టుతో పాటు రెండు మూడు దేశాల మార్గదర్శకాలు ప్రింట్ తీసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. "ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు, ఎవర్ని నమ్మాలి డాక్టర్ గారూ?" అని అడుగుతారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

అపోహ: అన్యూరిజం బయటపడితే వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలి.

వాస్తవం: 4 నుంచి 5.5 సెంటీమీటర్ల మధ్య ఉబ్బు ఉన్నవాళ్ల మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు బ్రిటన్‌లో 1998లో, అమెరికాలో 2002లో వచ్చాయి. ముందే ఆపరేషన్ చేసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు. అందుకే మగవాళ్ల విషయంలో నైస్ (ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ), యూరప్, అమెరికా వాస్కులర్ (రక్తనాళాల) సర్జరీ సొసైటీలు మూడూ ఆపరేషన్‌కి 5.5 సెంటీమీటర్ల హద్దు దగ్గరే నిలబడ్డాయి. ఉబ్బు వల్ల నొప్పి వస్తున్నా, చాలా వేగంగా పెరుగుతున్నా లెక్క మారుతుంది. 4 దాటిన ఉబ్బు ఏడాదిలో 1 సెంటీమీటరుకు మించి పెరిగితే ఆపరేషన్ గురించి ఆలోచించమని నైస్ చెబుతుంది.

అపోహ: 5.5 అంటే ఎవరికైనా, ఎక్కడైనా 5.5 ఏ.

వాస్తవం: నేను ఎక్కువసేపు కూర్చోబెట్టి చెప్పేది ఇదే. ఆ రెండు ట్రయల్స్‌లో ఆడవాళ్లు చాలా తక్కువ, అమెరికాలో జరిగినదానిలో దాదాపు అందరూ మగవాళ్లే. కానీ అదే సైజులో పగిలే ప్రమాదం ఆడవాళ్లలో ఎక్కువ. అందుకే యూరప్, అమెరికా మార్గదర్శకాలు వాళ్లకు 5 సెంటీమీటర్ల నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చంటాయి. నైస్ వేరే హద్దు పెట్టలేదు. ఇక్కడ నేను మొదటి రెండింటి వైపే.

కొలతలోనూ తేడా ఉంది. నైస్ ప్రకారం అల్ట్రాసౌండ్‌లో రక్తనాళం గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవాలి. అమెరికా సొసైటీ బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవమంటుంది. ఒకే మనిషికి ఒకే రోజున కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చేస్తుంది. 5.2 ఉన్నది 5.5 అయిందని నిద్ర పోగొట్టుకునే ముందు, రెండుసార్లూ ఒకే పద్ధతిలో, ఒకే రకం స్కాన్‌తో కొలిచారా అని అడగండి.

అపోహ: స్టెంట్ వచ్చాక పొట్ట కోయడం పాత పద్ధతి.

వాస్తవం: గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (ఉబ్బు లోపల అమర్చే గొట్టం) పంపే ఈవార్ పద్ధతిని పొట్టలోని అన్యూరిజంకి 1990లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో సర్జన్ హువాన్ పరోదీ చేసి చూపించారు. బ్రిటన్‌లో జరిగిన ఈవార్-1 ట్రయల్‌లో మొదటి 30 రోజుల్లో మరణాలు స్టెంట్‌తో 1.7 శాతం, పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌తో 4.7 శాతం. అయితే ఆ లాభం కొన్నేళ్లలో కరిగిపోయింది. 8 ఏళ్లు దాటాక స్టెంట్ వేసినవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి, స్టెంట్ వేశాక కూడా ఉబ్బు పగలడం అందులో ఒక కారణం.

ఈ ఆధారాలనే చూసి, ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకు ముందు ఓపెన్ చేయమంది నైస్ 2020లో. రక్తనాళం ఆకారం అనుకూలిస్తే ఎక్కువమందికి ఈవార్ మేలని, చాలా ఏళ్లు బతికే అవకాశం ఉన్నవాళ్లకు ఓపెన్ మేలని యూరప్ సొసైటీ 2019లో చెప్పింది. యూరప్ వాళ్లు రేపటి ప్రాణానికి, నైస్ వాళ్లు పదేళ్ల తర్వాతి ప్రాణానికి ఎక్కువ బరువు ఇచ్చారు, అంతే. ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల మనిషితో నేను ముందు ఓపెన్ గురించే మాట్లాడతాను. స్టెంట్ వేయించుకుంటే జీవితాంతం స్కాన్లు తప్పవని కూడా చెబుతాను.

అపోహ: గమనిస్తూ ఉందాం అంటే ఏమీ చేయడం లేదని అర్థం.

వాస్తవం: 4.6 సెంటీమీటర్లు ఉంటే నైస్ మూడు నెలలకోసారి, అమెరికా సొసైటీ ఏడాదికోసారి స్కాన్ చేయమంటాయి. ఈ వ్యవధిలో పొగ మానేయడం అన్నింటికంటే ముఖ్యం. పొగతో ఉబ్బు వేగంగా పెరుగుతుంది, పగిలే ప్రమాదమూ పెరుగుతుంది. ఉబ్బును తగ్గించే మాత్ర ఏదీ లేదు. బీపీ మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు ఇచ్చేది గుండెను, మిగతా రక్తనాళాలను కాపాడడానికి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: చాలామందికి పగిలేదాకా ఏ లక్షణమూ ఉండదు. అందుకే ఇంగ్లండ్‌లో 65 ఏళ్ల మగవాళ్లందరినీ ఒకసారి స్కాన్‌కి పిలుస్తారు. ఉబ్బు ఉందని తెలిసినవాళ్లకు హఠాత్తుగా పొట్టలోనో నడుములోనో తీవ్రమైన నొప్పి వస్తే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అంబులెన్స్ పిలిపించండి.