నొప్పి లేదని వదిలేసిన మచ్చ: కుష్ఠు వ్యాధిపై అపోహలు, వాస్తవాలు

వరంగల్, హనుమకొండ పరిసర గ్రామాల్లో కుష్ఠు రోగులను గుర్తించి మందులు అందించే పారామెడికల్ ఉద్యోగిగా నాకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది: "దురద లేదు, నొప్పి లేదు, మరి దవాఖానకు ఎందుకు పోవాలె సార్?" వేళ్లు వంగిపోయిన తరువాతో, అరికాలికి పుండు పడిన తరువాతో వచ్చినవారిని మచ్చ ఎప్పటి నుంచి ఉందని అడిగితే, ఏళ్ల లెక్క చెప్పి ఆ వెంటనే ఈ మాటే అంటారు. మనుషులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కనుక ముందుగా దీని సంగతే చూద్దాం.

అపోహ: నొప్పి, దురద లేని మచ్చతో ప్రమాదం లేదు.

వాస్తవం: కుష్ఠు విషయంలో నొప్పి లేకపోవడమే ప్రమాద సూచన. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించాడు. అది ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. శరీరంలో చేరిన తరువాత లక్షణాలు బయటపడటానికి సగటున ఐదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు. ఇంత నెమ్మదిగా పెరిగే జీవి జ్వరాన్నీ బాధనూ కలిగించకుండానే చర్మంలోనూ, మోచేతి వెనుక, మోకాలి పక్కన, చీలమండ లోపలి వైపు ఉండే నరాల్లోనూ స్థిరపడి, ముందు వేడి చల్లదనం తెలిసే శక్తిని, తరువాత స్పర్శను, చివరికి కండరాల బలాన్ని హరిస్తుంది. అందువల్ల దురద పెట్టే తామరను చూసినప్పుడు మాకు కలగని ఆందోళన, చుట్టూ చర్మం కంటే పాలిపోయి లేదా ఎర్రబారి, ముట్టుకుంటే తెలియని మచ్చను చూసినప్పుడు కలుగుతుంది. ఆ మనిషిని కళ్లు మూసుకోమని, మచ్చపై పెన్ను మొనను మెల్లగా ఆనించి, ఎక్కడ తాకిందో వేలితో చూపమంటాం. చూపలేకపోతే తదుపరి పరీక్షలకు పంపుతాం. చూపగలిగినంత మాత్రాన కుష్ఠు కాదని కొట్టిపారేయలేం. సూక్ష్మజీవులు అధికంగా ఉన్న రకంలో స్పర్శ నిలిచే ఉండి, చర్మం నూనె రాసినట్టు మెరవడం, చెవి తమ్మెలు మందంగా మారడం వంటి గుర్తులు కనిపిస్తాయి.

జగిత్యాల వైపు నుంచి మా ప్రాంతానికి కోడలిగా వచ్చిన ఒక బీడీ కార్మికురాలిని నేను మరచిపోలేను. ముంజేతి మీది మచ్చకు ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన తామర మలామును ఏళ్ల తరబడి రాసింది. కొంత కాలానికి తునికాకు చుట్టి దారం కట్టేటప్పుడు చిటికెన వేలు, దాని పక్క వేలు పట్టు తప్పడం మొదలైంది. రోజుకు కట్టే బీడీల సంఖ్య తగ్గితే ఇంట్లో ఆమెను సోమరి అన్నారు. నా దగ్గరకు వచ్చేసరికి మోచేతి వెనుక నరం ఉబ్బి గట్టిపడింది, రెండు వేళ్లూ వంగిపోయాయి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందు నరాల వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ కోర్సు మొదలుపెడితే బలం తిరిగి రావడానికి మంచి అవకాశం ఉంటుంది. ఆమె విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పన్నెండు నెలల ఎండీటీ (కుష్ఠుకు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స) పూర్తి చేసి, వెల్లూరులో 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ ఆరంభించిన స్నాయువు మార్పిడి (బలమున్న కండరపు తాడును పట్టు తప్పిన వేళ్లకు కలపడం) పద్ధతిలో శస్త్రచికిత్స చేయించుకొని, దానికి ముందూ తరువాతా ఫిజియోథెరపీకి క్రమం తప్పకుండా వచ్చింది. ఇప్పుడు వేళ్లు చాపగలదు, మళ్లీ బీడీలు చుడుతోంది, కానీ స్పర్శ తిరిగి రాలేదు కనుక మసిగుడ్డ లేకుండా గిన్నె దించకూడదని ఇప్పటికీ ఆమెకు గుర్తు చేస్తుంటాను. మచ్చ కనిపించిన ఏడాదే ఆశా కార్యకర్తకు చూపించి ఉంటే ఈ కష్టమేదీ అవసరమయ్యేది కాదు.

"కుష్ఠు ఎప్పుడో పోయింది" అన్న ప్రచారం ఈ ఆలస్యానికి తోడవుతోంది. 2005 డిసెంబరులో మన దేశం సాధించినది, పదివేల జనాభాకు రోగుల సంఖ్యను ఒకటి కంటే తక్కువకు తేవడం మాత్రమే. ప్రపంచంలో ఏటా రెండు లక్షలకు కొంచెం తక్కువగా కొత్త కేసులు బయటపడుతుంటే, వాటిలో సగానికి పైగా భారతదేశంలోనివే.

"ఉచితంగా ఇచ్చే మాత్రలకు బలం ఉండదు" అన్న మాట వింటే నాకు సహనం నశిస్తుంది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ కలిపి వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సిఫారసు చేశారు. 1995 నుంచి మొదట జపాన్‌కు చెందిన నిప్పన్ ఫౌండేషన్, 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ సమకూర్చడం వల్ల ఈ మందులు ప్రపంచమంతటా రోగులకు ఉచితంగా అందుతున్నాయి. బజారులో డబ్బు పెట్టి కొనగలిగే మేలైన మందు వేరే ఒకటి దాగి లేదు. క్లోఫజిమిన్ వల్ల చర్మం నల్లబడటం, రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా రావడం మందు వికటించిన గుర్తులు కావు. కోర్సు ముగిసిన కొన్ని నెలల్లో చర్మం రంగు క్రమంగా తిరిగి వస్తుంది. పెళ్లి కావలసిన ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది కానీ, రంగు కోసం మాత్రలు మధ్యలో ఆపితే నరాలకు ముప్పు.

అలాగే, మాత్రలు పూర్తి కాగానే మళ్లీ రానవసరం లేదనుకోవద్దు. వ్యాధి నయమైన తరువాత కూడా శరీరంలో మిగిలిన మృత సూక్ష్మజీవులపై రోగనిరోధక శక్తి ప్రతిస్పందించి, మచ్చలు ఎర్రబడటం, నరాలు నొప్పి పెట్టడం జరగవచ్చు. ఈ రియాక్షన్‌కు రోజులు లెక్కపెట్టకుండా వెంటనే చికిత్స చేయాలి.

పాపఫలం, వంశపారంపర్యం, తాకితే అంటుకుంటుంది అనే మాటల్లో నిజం లేదు. చాలామందికి ఈ సూక్ష్మజీవిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది, ఎండీటీ మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి వ్యాప్తి ఆగిపోతుంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ రోగులకు సేవ చేసిన 1920లలో చాల్‌మోగ్రా నూనె తప్ప చెప్పుకోదగ్గ మందు లేదు. ఆ కాలపు భయం ఈ మందుల కాలంలోనూ ఊళ్లను వదలలేదు. ఇంట్లో కలిసి ఉండేవారికి, వ్యాధి లేదని పరీక్షించిన తరువాత, రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇస్తారు, దానిని నిరాకరించకండి.

కుష్ఠు వస్తే విడాకులు ఇవ్వవచ్చని బెదిరించే అత్తవారిళ్లు ఇంకా ఉన్నాయి. వ్యాధిగ్రస్తులపై, వారి కుటుంబాలపై వివక్షను తొలగించాలని ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2010లో తీర్మానించింది. మన పార్లమెంటు 2019లో హిందూ వివాహ చట్టం సహా ఐదు వ్యక్తిగత చట్టాలను సవరించి, విడాకులకు కుష్ఠును కారణంగా చూపే నిబంధనలను తొలగించింది. అటువంటి బెదిరింపు ఎదురైన మహిళలు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు.